రిటైరైన ఆర్మీ కుక్కను తెచ్చుకునే ముందు, మీ ఇంట్లో దాని మనిషి ఎవరో తేల్చుకోండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. చీపురుపల్లి దగ్గర పల్లె, ఊరి చివర ఇల్లు, ఇంటి వెనకే మూడెకరాల మామిడి తోట. ఇంట్లో మీ అమ్మగారు, మీ భార్య, ఏడేళ్ల పాప, వసారాలో పడుకునే ఒక నాటు కుక్క. మీరు సోమవారం నుంచి శుక్రవారం దాకా విశాఖలో ఉద్యోగం, శనాదివారాలు ఇంటి దగ్గర. సైన్యంలో రిటైరైన కుక్కలను ఉత్తరప్రదేశ్‌లోని మీరట్‌లో ఊరికే ఇస్తారని విన్నారు. ఒకదాన్ని తెచ్చుకుంటే పాపం దానికో ఇల్లు దొరుకుతుంది, తోటకి కాపలా కూడా ఉంటుంది అన్నారు. ఎలా దరఖాస్తు చేయాలి, నెలకి ఖర్చెంత, పాపకి ప్రమాదమేమైనా ఉందా అని అడిగారు.

నాది టెక్కలి దగ్గర ఊరు. ఆర్మీలో గుర్రాలను, కుక్కలను చూసే రిమౌంట్ వెటర్నరీ కోర్ (ఆర్‌వీసీ)లో కుక్కల హ్యాండ్లర్‌గా, అంటే కుక్కకి నేర్పి దానితో పని చేయించేవాడిగా పనిచేసి 2013లో హవల్దారుగా ఇంటికొచ్చాను. 2017 జనవరిలో సోనా అనే తొమ్మిదేళ్ల ల్యాబ్రడార్‌ను మీరట్ నుంచి తెచ్చుకున్నాను. తర్వాత మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇలాగే తెచ్చుకున్న మరో రెండు ఇళ్లవాళ్లకి తోడున్నాను. ఒక ఇంట్లో కుదిరింది, ఒక ఇంట్లో కుదరలేదు. కాబట్టి నేను రాసేదంతా కళ్లతో చూసిందే.

ముందు తోట సంగతి. తోట కాపలా కోసమైతే తేవద్దు. కుదరలేదన్నానే, ఆ ఇంట్లో జరిగింది సరిగ్గా అదే. జీడితోటలో రేకుల షెడ్డు వేసి, మంచి గొలుసు కొని, జర్మన్ షెపర్డ్‌ను అక్కడ కట్టారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు. పూటపూటకీ కోడిమాంసం కలిపిన అన్నం పట్టుకెళ్లి పెట్టేవారు. పెట్టి వచ్చేసేవారు. ఆరు వారాల్లో ఆ కుక్క పక్కటెముకలు లెక్కపెట్టేలా అయిపోయింది. ముందు కాళ్లు నాకి నాకి పుండ్లు చేసుకుంది. రాత్రంతా ఒకటే మూలుగు. నన్ను పిలిచినప్పుడు వెళ్లి చూస్తే రోగమేమీ లేదు. దానికి మనిషి లేడు, అంతే. నా ఇంటికి తెచ్చుకుని రెండు నెలలు ఉంచాను, తర్వాత ఆమదాలవలసలో ఒక రిటైరైన మాస్టారు తీసుకున్నారు. ఆయనతో మూడేళ్లు బతికింది.

మనిషి లేకపోవడం అంటే ఏమిటో చెప్తాను. పల్లెలో పెరిగిన కుక్కకి ఊరంతా చుట్టాలే. ఆర్మీ కుక్కకి అలా కాదు. తెల్లారి కెన్నెల్ (కుక్క గది) తలుపు తీసేది ఒకడే. ఒళ్లు దువ్వేది, పాదాల్లో ముల్లు ఉందేమో చూసేది, పరిగెత్తించేది, తిండి పెట్టేది, పనికి తీసుకెళ్లేది, జ్వరమొస్తే పక్కన కూర్చునేది అంతా ఆ ఒక్కడే. వేరేవాళ్ల చేతి తిండి ముట్టకుండా కూడా కొన్నిటికి నేర్పుతాం. దాని లోకం మొత్తం ఆ ఒక్క మనిషి. రిటైరైన రోజున దాని నుంచి పోయేది ఉద్యోగం కాదు, ఆ మనిషి. మీరు మీ ఇంటికి తెచ్చాక ఆ ఖాళీలో ఎవరో ఒకరు నిలబడాలి. ఇంటిల్లిపాదీ తలా కాస్త చూసుకుంటాం అంటే సరిపోదు, ఒకరు కావాలి.

మీ ఇంట్లో ఆ ఒకరు మీరు కాలేరు. వారానికి ఐదు రోజులు మీరు ఉండరు. అమ్మగారి వయసు రాయలేదు కానీ, ముప్పై కిలోల కుక్క పట్టీ లాగితే పెద్దావిడ పడిపోతారు. ఇక మిగిలింది మీ భార్య. మీ ప్రశ్నలో ఆవిడ ఏమన్నారో ఎక్కడా లేదు. మీరు అడిగిన మూడిటికంటే ముందు అడగాల్సింది ఇదే. రోజుకి రెండు గంటలు, పొద్దున్నే అయిదింటికి ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి, పండగైనా ముసురైనా. ఆవిడకి ఇష్టమైతే, మనస్ఫూర్తిగా ఇష్టమైతే, మిగతాది చదవండి. మీ మాట కాదనలేక సరే అంటే మాత్రం ఇప్పటికి ఆగండి. సాయం చేయడానికి వేరే దారులున్నాయి, అవి చివర్లో రాస్తాను.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, ఈ కుక్కలకు ఇల్లు దొరకడం అన్నదే మన దేశంలో ఈమధ్య మాట. మీరట్‌లో కుక్కలకు శిక్షణ 1960లో మొదలైంది. ఆ తర్వాత చాలా ఏళ్లు, పని చేయలేని కుక్కకి ఇంజక్షన్ ఇచ్చి ప్రాణం తీసేయడమే పద్ధతిగా ఉండేది. సైనిక స్థావరాల ఆనుపానులు తెలిసిన కుక్క బయటికి పోతే ప్రమాదమని, వయసు మళ్లినవాటిని ఉంచే ఏర్పాటు లేదని అప్పట్లో కారణాలు చెప్పేవారు. సమాచార హక్కు కింద ఈ సంగతి బయటికొచ్చాక ఢిల్లీ హైకోర్టులో వ్యాజ్యం పడింది. 2015లో పద్ధతి మార్చుతున్నామని కేంద్రం చెప్పింది. ఇప్పుడు మీరట్‌లో వాటికి వృద్ధాశ్రమం లాంటి వసతి ఉంది, జనానికి దత్తత కూడా ఇస్తున్నారు. 2024 డిసెంబరులో కోర్ వార్షికోత్సవం రోజున 12 కుక్కలను ప్రత్యేక అవసరాలున్న పిల్లలు చదివే ఆశా స్కూళ్లకి ఇచ్చారు. ఆ వార్త చదివిన పూట నేను మా ఆవిడకి మూడుసార్లు చదివి వినిపించాను.

అమెరికాలో కూడా ఇలాగే జరిగింది. రాబీ అనే మాలినోయిస్ జాతి సైనిక కుక్కను దాని పాత హ్యాండ్లర్ అడిగినా ఇవ్వలేదు. 2000లో ఆ కుక్క పేరుతోనే దత్తతకు చట్టం తెచ్చారు. రాబీ మాత్రం ఇంటికి చేరకుండానే కొద్ది వారాల్లో పోయింది.

నా చేతిలో ఏడేళ్లు పనిచేసిన కుక్క పేరు రోమా. కశ్మీర్‌లో రోడ్డు తెరిచే పార్టీకి, అంటే బండ్లు వెళ్లేముందు దారిలో మందుపాతరలు ఉన్నాయేమో చూసే జవాన్ల జట్టుకి, ముందు నడిచేది. దాని వెనక నేను, నా వెనక ముప్పై మంది. 2011లో నాకు పోస్టింగ్ మారితే వేరే కుర్రాడి చేతికి పట్టీ ఇచ్చి బస్సెక్కాను. అప్పటికే దానికి ఎనిమిదేళ్లు. తర్వాత ఏమైందో నేను అడగలేదు. జవాబు ఏమిటో తెలుసు కాబట్టే అడగలేదు. సోనా కోసం మీరట్ వెళ్లింది అందుకే.

దరఖాస్తు పెద్ద కష్టం కాదు. మీరట్ కంటోన్మెంట్‌లోని ఆర్‌వీసీ సెంటర్ అండ్ కాలేజ్ కమాండెంట్‌గారి పేరున ఉత్తరం రాయాలి. ఇల్లు ఎలాంటిది, ఆవరణ ఎంత, ఇంట్లో ఎవరెవరు, కుక్కను పెంచిన అనుభవం ఉందా, పగలు ఎవరు దగ్గరుంటారు, పక్కన పశువుల ఆసుపత్రి ఉందా, ఇవన్నీ ఉన్నదున్నట్టు రాయండి. తోట కాపలా మాట రాయకండి అని చెప్పడం లేదు, ఆ ఆలోచనే మానుకోండి అంటున్నాను. కుక్కకి డబ్బు తీసుకోరు. బతికినన్నాళ్లు చూసుకుంటానని, అమ్మనని నా దగ్గర రాయించుకున్నారు. వెంటనే పిలుపు రాదు, మీ ఇంటికి సరిపడే కుక్క రిటైరయ్యే దాకా ఆగాలి. ఆ ఆగే రోజుల్లో పేలుడు పదార్థాలు, మందుపాతరలు పసిగట్టే పని చేసిన ల్యాబ్రడార్ కావాలని అడగండి. కాపలా పనిలోనూ, దాడి చేసే పనిలోనూ ఉన్న షెపర్డ్, మాలినోయిస్ కుక్కలు ఏడేళ్ల పాప ఉన్న ఇంటికి, అందులోనూ ఇలాంటి కుక్కను మొదటిసారి పెంచేవాళ్లకి, నా మాట వింటే, వద్దు. అవి చెడ్డవని కాదు. చేయి ఎత్తి పరిగెత్తే మనిషిని పట్టుకోమని ఏళ్ల తరబడి నేర్పాం. పిల్లలు ఆడుకునేటప్పుడు చేసేదీ అదే.

తీసుకురావడం నవంబరు నుంచి ఫిబ్రవరి లోపు పెట్టుకోండి. రైల్లో ఏసీ టూ టైర్, త్రీ టైర్, స్లీపర్‌లలో కుక్కను ఎక్కనివ్వరు. ఫస్ట్ ఏసీలో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మన పేరున ఉండాలి, దాని కేటాయింపు కోసం రైల్వేకి ముందుగా అర్జీ పెట్టుకోవాలి. గార్డు పెట్టెలో కుక్కల డబ్బా ఉంటుంది, కానీ ఒక రోజున్నర ప్రయాణం, కీళ్లనొప్పులున్న ముసలి కుక్క, ఆ ఇనప డబ్బాలో వేయకండి. నేనైతే ఢిల్లీలో ఒక మిత్రుడి జీపు తీసుకుని, ఇద్దరం మార్చి మార్చి నడుపుకుంటూ మూడు రాత్రులు దారిలో ఆగి వచ్చాం. ఏ దారిన వచ్చినా టీకాల కార్డు, ప్రయాణానికి పనికొస్తుందని డాక్టరు ఇచ్చిన సర్టిఫికెట్ చేతిలో ఉండాలి.

అక్కడ ఉన్న రోజున తొందరపడి బయలుదేరకండి. దాని హ్యాండ్లర్‌తో ఒక పూటంతా కూర్చోండి. ఏ మాటకి కూర్చుంటుంది, ఏ మాటకి వదిలేస్తుంది, తిండికి ఏం చెప్పాలి, ఎక్కడ ముట్టుకుంటే నచ్చదు, ఏ శబ్దానికి బెదురుతుంది, అన్నీ అడగండి. ఆయన గొంతుతోనే ఆ మాటలు ఫోన్లో రికార్డు చేసుకోండి. ఆయన వేసుకున్న పాత బనీనో తువ్వాలో ఒకటి, ఉతకనిది, అడిగి తెచ్చుకోండి. మొదటి నెల అది పడుకునే చోట ఉంచాలి. హ్యాండ్లర్ కళ్లు తుడుచుకుంటే చూడనట్టు ఊరుకోండి.

సోనా మా ఇంటికొచ్చాక మూడు రోజులు తిండి ముట్టలేదు. మా ఆవిడకి ఒకటే టెన్షన్. పాలు పోసింది, చేప ఉడికించింది, చోడి అంబలి కలిపింది. గిన్నె ముందు కూర్చుని ఊరికే మా మొహాల్లోకి చూసేది. మూడో రోజు సాయంత్రం నాకు తట్టింది. నేను హ్యాండ్లర్‌ననే మర్చిపోయి, ఇంటి కుక్కకి పెట్టినట్టు గిన్నె అక్కడ పడేసి వెళ్లిపోతున్నాను. గిన్నె తీసి, నిటారుగా నిలబడి, దాన్ని కూర్చోమని చెప్పి, గిన్నె కింద పెట్టి, ఒక నిమిషం ఆగి తినమన్నాను. మొత్తం ఒక్క దమ్ములో తినేసింది. మూడు రోజులు అది ఎదురుచూసింది ఆ ఒక్క మాట కోసం.

మొదటి రెండు మూడు వారాలు కుక్క మరీ బుద్ధిగా, మరీ నిశ్శబ్దంగా ఉంటే అలవాటు పడిపోయిందనుకోకండి. ఏం చేయాలో తెలియక బిగుసుకుపోయి ఉంటుంది. ఆ రోజుల్లో చుట్టాలను పిలిచి చూపించవద్దు, మెడలో దండ వేసి ఫోటోలు తీయవద్దు. పొద్దున ఒకే వేళకి నిద్రలేపి, ఒకే దారిలో నడిపించి, ఒకే వేళకి తిండి పెట్టండి. పూట తప్పకుండా జరిగేది ఏదైనా దానికి ధైర్యం. మెల్లగా అసలు కుక్క బయటికొస్తుంది. సోనా నలభయ్యో రోజున మా ఆవిడ చీర కొంగు పట్టుకుని లాగింది. అప్పుడనుకున్నాను, ఇంక ఇది ఇక్కడి కుక్క అని.

పని మాన్పించినా ముక్కు పని మానదు. పేలుడు పదార్థం వాసన తగిలితే మొరగకూడదు, గీరకూడదు, కదలకుండా కూర్చుని హ్యాండ్లర్ వైపు చూడాలి అని నేర్పుతాం. దొరికిందంటే బహుమతిగా బంతి ఇస్తాం. ఆ ఏడాది దీపావళికి ముందురోజు మా తమ్ముడి పిల్లలు మందుగుండు సామాను సంచి తెచ్చి మా అరుగు మీద పెట్టారు. సోనా వెళ్లి ఆ సంచి ముందు కూర్చుంది. తోక కదలడం లేదు, నా వైపే చూపు. పిల్లలు లాగుతున్నా లేవలేదు. రిటైరై పది నెలలు, తొమ్మిది దాటి పదో ఏడు, వెనక కాళ్లు వణుకుతున్నాయి, అయినా కూర్చుంది. నేను లోపలికి పరిగెత్తి బంతి తెచ్చి ఇచ్చాను. మీ ఇంట్లో కూడా ఎప్పుడైనా ఇలా కూర్చుంటే కసరకండి, లాగకండి. శభాష్ అని బంతి ఇచ్చి, ఆ వస్తువు అక్కడి నుంచి తీసేయండి. రోజూ పది నిమిషాలు బంతినో పాత గుడ్డముక్కనో తోటలో దాచి వెతకమనండి. అరగంట నడకకంటే ఆ పది నిమిషాలు దానికి ఎక్కువ తృప్తి. మీ తోట దానికి కావాల్సింది ఇందుకే.

దీపావళి రాత్రి సంగతి మాత్రం వేరు. సంచి ముందు అంత ధైర్యంగా కూర్చున్న కుక్క, లక్ష్మీబాంబు పేలగానే మంచం కిందికి దూరి పొద్దుటి దాకా రాలేదు. తుపాకుల మధ్య తిరిగింది కదా, శబ్దానికి భయం ఉండదు అనుకుంటారు జనం. కొన్నిటికి నిజంగానే ఉండదు. కొన్నిటికి ఆ పాత రోజులే లోపల గాయమై ఉంటాయి. మా టెక్కలి వైపు గ్రానైట్ క్వారీల్లో బ్లాస్టింగ్ జరుగుతుంది, ఆ మోత వచ్చినప్పుడల్లా సోనా నా కాళ్ల మధ్యకి వచ్చేసేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాత్రి కొబ్బరి చెట్లు విరిగి పడుతుంటే నేను, అది ఒకే మూలలో గోడకి ఆనుకుని కూర్చున్నాం. అలాంటప్పుడు లోపలి గదిలో, కిటికీలు మూసి, ఫ్యాన్ మోత ఉండేలా చూసి పక్కన కూర్చోండి. దగ్గరికి తీస్తే భయం అలవాటవుతుందన్న మాట పట్టించుకోకండి. మరీ ఎక్కువైతే పండక్కి వారం ముందే డాక్టరుని కలిస్తే మందు ఇస్తారు. మీది విజయనగరం జిల్లా కాబట్టి ఇంకో మాట, సిరిమానోత్సవానికి వెళ్దామని ఆ జనంలోకి, ఆ మోతలోకి దాన్ని వెంటబెట్టుకోకండి.

ఇక ఆరోగ్యం. ఖర్చూ, కష్టమూ ఇక్కడే ఉంటాయి. ల్యాబ్రడార్, షెపర్డ్ రెండిట్లోనూ తుంటి కీలు అరిగే జబ్బు ఎక్కువ. గోడలు దూకి, వాహనాల మీంచి దూకి ఏళ్లు పనిచేసినవి కాబట్టి నడుము కూడా దెబ్బతిని ఉంటుంది. కుక్క నొప్పి చెప్పదు. మెట్టు దగ్గర ఆగి చూడటం, లేచేటప్పుడు ముందు కాళ్ల మీదే బరువంతా వేయడం, ఒకే కీలును పదేపదే నాకడం, ముట్టుకుంటే చటుక్కున తల తిప్పడం, ఇవే దాని మాటలు. ఇప్పుడు మనందరి ఇళ్లలో నున్నటి టైల్స్, గ్రానైట్ బండలే. ముసలి కుక్కకి అవి మంచు మీద నడక. అది తిరిగే దారిలో గోనె పట్టాలు పరచండి. పడుకోవడానికి పొట్టి కాళ్ల నులక మంచం ఒకటి అల్లించండి, కింద తేమ తగలదు, గాలి ఆడుతుంది, కీళ్లు ఒరుసుకోవు. బరువు పెరగనివ్వకండి. కీళ్లకి బరువు తగ్గడాన్ని మించిన మందు లేదు. రిటైరై వచ్చిందని జాలిపడి ముద్దలు పెట్టి పెట్టి, ఇరవై తొమ్మిది కిలోల కుక్కను ముప్పై ఎనిమిది చేస్తారు, తర్వాత లేవలేదని ఏడుస్తారు.

ఒక్కటి మాత్రం రాసి గోడకి అంటించుకోండి. మనం వాడే నొప్పి మాత్రలు, పారాసిటమాల్, ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఏదీ వేయకూడదు. లివర్, కిడ్నీ, పేగులు పోతాయి. కుక్కలకి నొప్పి మందులు వేరే ఉన్నాయి, డాక్టరు బరువు చూసి, రక్త పరీక్ష చూసి ఇస్తారు. ఉల్లి, ద్రాక్ష, ఎండు ద్రాక్ష, చాక్లెట్, ఉడికించిన ఎముకలు కూడా వద్దు. మామిడి తోట అన్నారు, పురుగుమందు కొట్టిన రోజు, ఎలుకల మందు పెట్టిన రోజు దాన్ని అటు తీసుకెళ్లకండి. టెంకలు ఏరేయండి, మింగితే పేగుకి అడ్డం పడతాయి.

మన తీరంలో ఈ కుక్కలకి ఎక్కువ ముప్పు పిడుదులతో వచ్చే జ్వరం. తిండి మానడం, మందకొడిగా పడుకోవడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు నుంచి రక్తం కారడం. ఇందులో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే రక్తం తీయించి ప్లేట్‌లెట్లు చూడాలి. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడితే లేచి తిరుగుతుంది. రెండు రోజులకే హుషారొచ్చిందని మధ్యలో మానేస్తే మళ్లీ తిరగబెడుతుంది. మీ నాటు కుక్కకి కూడా పిడుదుల మందు వేయాల్సిందే, లేకపోతే దాని మీంచి దీని మీదికి వస్తాయి. కొత్తది రాకముందే దానికి రేబిస్‌తో పాటు మిగతా టీకాలూ వేయించండి. ఏటా జులై 6న పశువుల ఆసుపత్రుల్లో రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు.

ఎండ గురించి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. కుక్కకి మనలా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి రొప్పితే ఆ తడి ఆరి ఒళ్లు చల్లబడుతుంది. మన దగ్గర గాలిలోనే తేమ, ఆ తడి ఆరదు. అందుకే ఉత్తరాదిలో నలభై డిగ్రీలకి తట్టుకున్న కుక్క ఇక్కడ ముప్పై ఆరుకే కూలబడుతుంది. ఏప్రిల్ నుంచి జూన్ దాకా తెల్లారకముందు, చీకటి పడ్డాక తప్ప నడక వద్దు. అరచేతి వెనక భాగం నేల మీద ఆనించి చూడండి, మీకు చుర్రుమంటే దానికీ అంతే. రొప్పు ఆగక, చొంగ కారుతూ, చిగుళ్లు ఎర్రబడి తూలితే వెంటనే నీడకి తెచ్చి కుళాయి నీళ్లు ఒళ్లంతా పోస్తూ ఫ్యాన్ పెట్టండి. తడి గుడ్డ కప్పి వదిలేయకండి, లోపలి వేడి బయటికి పోదు. చల్లబరుస్తూనే ఆసుపత్రికి.

ఛాతీ లోతుగా ఉండే పెద్ద కుక్కల్లో పొట్ట ఉబ్బి మెలిపడే జబ్బు కూడా ఉంది. కక్కుకోవాలని చూస్తుంది, ఏమీ రాదు, పొట్ట డప్పులా అవుతుంది. పొద్దుటి దాకా చూద్దాం అనుకుంటే చూడ్డానికి కుక్క ఉండదు. రెండు పూటలా కొంచెం కొంచెం పెట్టి, తిన్నాక గంటసేపు పరిగెత్తనివ్వకపోవడం మన చేతిలో ఉన్న జాగ్రత్త.

ఈ విషయంలో మీకు నాకంటే మంచి వసతి ఉంది. గరివిడి పశువైద్య కళాశాల మీ పక్కనే. కుక్క వచ్చిన మొదటి వారమే అక్కడికి తీసుకెళ్లి, రక్త పరీక్ష, కిడ్నీ, లివర్, పళ్లు, కీళ్లు అన్నీ చూపించి ఆ కాగితాలు ఒక ఫైల్లో పెట్టండి. రేపు ఏదైనా తేడా వస్తే ఇది కొత్తదా పాతదా అని ఆ ఫైలే చెప్తుంది. ఇంటి దగ్గర అత్యవసరమైతే 1962 నంబరుకి ఫోన్ చేస్తే పశువుల అంబులెన్సు గురించి చెప్తారు. పళ్ల సంగతి ప్రత్యేకంగా అడగండి. ఈ కుక్కల్లో కోరలు విరిగినవి చాలా ఉంటాయి, ఆ నొప్పితోనే తిండి తగ్గిస్తాయి.

పాప గురించి. ల్యాబ్రడార్ అయినా సరే, మొదటి రెండు నెలలు పెద్దవాళ్లు లేకుండా ఇద్దరినీ ఒకే చోట వదలకండి. నిద్రపోయే కుక్కను వెనక నుంచి ముట్టుకోకూడదు, దూరం నుంచి పేరు పెట్టి పిలవాలి, తినేటప్పుడు గిన్నె దగ్గరికి పోకూడదు, మెడ చుట్టూ చేతులు వేసి కౌగిలించుకోకూడదు. ఇవి పాపకి ఆటలా నేర్పండి. ముసలి కుక్కకి చెవులు సరిగా వినపడవు, ఉలిక్కిపడితే కరవాలని లేకపోయినా నోరు తగులుతుంది. నాటు కుక్కతో పరిచయం ఇంటి బయట, రోడ్డు మీద, ఇద్దరు మనుషులు రెండు పట్టీలు పట్టుకుని దూరంగా నడిపిస్తూ చేయించండి. వసారా దానిది, దాని చోటు దానికే ఉంచి, కొత్తదానికి వేరే చోటు ఇవ్వండి. అమ్మగారికి పూజ గది వైపు రావడం ఇష్టం లేకపోతే ఒక అడ్డుగీత గీసి ఆగమని చెప్పండి. ఆ గీత అది ఒక్కరోజులో నేర్చుకుంటుంది, మళ్లీ దాటదు. కానీ రాత్రి మాత్రం ఇంటి మనుషుల ఊపిరి వినపడే దూరంలో పడుకోనివ్వండి.

ఖర్చు నా లెక్కలో చెప్తాను. తిండి, పిడుదుల మందు, కీళ్ల మందు కలిపి సోనాకి నెలకి 6,000 దాకా అయ్యేది. చివరి ఏడాది కిడ్నీ జబ్బు వచ్చాక ఒక్కో నెల 12,000 దాటింది. రిటైరయ్యాక వైద్యం ఖర్చు తెచ్చుకున్నవాళ్లదే. అమెరికాలోనూ అంతే, అందుకే అక్కడ ఈ కుక్కల మందుల ఖర్చు భరించడానికే స్వచ్ఛంద సంస్థలు పుట్టాయి. కాబట్టి తెచ్చుకునే ముందే ఒక 30,000 దాని పేరున పక్కన పెట్టండి, అది మీ ఇంటి అవసరాలకి తీయని డబ్బు కావాలి.

చివరి రోజు గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోవాలి, మీ భార్యతో, పాపతో. తొమ్మిదేళ్ల కుక్కను తెస్తే మీకు దొరికేది రెండేళ్లో, మూడేళ్లో, బాగుంటే నాలుగు. సోనా మూడేళ్ల ఏడు నెలలు ఉంది. 2020 ఆగస్టులో నీళ్లు కూడా నిలవడం మానేశాయి, లేవలేదు, నా చేయి నాకడానికి నాలుక రాలేదు. డాక్టరుగారు ఇంటికొచ్చారు. తల నా ఒడిలో పెట్టుకుని ఇంజక్షన్ వేయించాను. రోమాకి కూడా ఆ ఇంజక్షనే ఇచ్చి ఉంటారు. కానీ సోనాకి పని చేయలేదని ఇవ్వలేదు, ఇంక బాధ పడకూడదని ఇచ్చాం. దాని చుట్టూ మా ఇంటివాళ్లందరం ఉన్నాం. ఇంటి వెనక కొబ్బరి మొదట్లో పాతిపెట్టాం. మీరు ఇవ్వగలిగేది ఆ రోజు వరకూ తోడు, ఆ రోజున కూడా తోడు. దానికి సిద్ధమైతేనే ఉత్తరం రాయండి.

ఇప్పుడు వీలు కాదు అనుకుంటే, ఊరుకోవాల్సిన పని లేదు. మన రెండు జిల్లాల్లో సైన్యంలో చేసివచ్చిన ఇళ్లు ఎన్నో. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడిగితే మాజీ హ్యాండ్లర్లు ఎవరైనా ఉన్నారేమో తెలుస్తుంది. వాళ్లలో కుక్కను తెచ్చుకోవాలని మనసుండి, పెన్షన్ చాలక ఆగిపోయినవాళ్లు ఉంటారు. అలాంటి ఒకరికి నెల నెలా మందుల ఖర్చు ఇస్తే మీరే తెచ్చుకున్నంత. ఊరెళ్లాల్సి వచ్చినప్పుడు ఒకటి రెండు రోజులు వాళ్ల కుక్కను చూసిపెట్టే మనిషి దొరకడం డబ్బుకంటే పెద్ద సాయం, శనాదివారాల్లో అది మీ వల్ల అవుతుంది. జిల్లా పోలీసు జాగిలాలు కూడా రిటైరవుతాయి. డాగ్ స్క్వాడ్ వాళ్లని కలిసి, వాటికి ఏం ఏర్పాటు ఉందో, మీ వల్ల ఏం కావాలో అడగండి. అవి ఇక్కడి ఎండకి, ఇక్కడి తెలుగుకి అలవాటుపడినవి, రైలు ప్రయాణమూ తప్పుతుంది.

మీ భార్య సరే అంటే మాత్రం మీరట్‌కి ఆవిడని కూడా తీసుకెళ్లండి. పట్టీ హ్యాండ్లర్ చేతి నుంచి నేరుగా ఆవిడ చేతికే రావాలి, మీ చేతికి కాదు. దారిలో తిండి, నీళ్లు ఆవిడే పెట్టాలి. ఇంకొకటి, ఇక్కడి నుంచి కొత్త బంతి కొనుక్కుని వెళ్లకండి. అది ఆడుకునే పాత బంతి, కొరికి కొరికి రంగు పోయినది, హ్యాండ్లర్ జేబులోనే ఉంటుంది. అది అడిగి తెచ్చుకోండి.